అవ్వ ఏరిన వెంట్రుకలు

పోయిన మార్చి తొమ్మిదో తారీఖు, ఆదివారం. ఆ పొద్దున మా ఇంట్లో ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు. మా అమ్మాయి అమృత చేసింది. బొరుగులు కాస్త ఎక్కువ నానిపోయాయి. కానీ డిసెంబరు తర్వాత మా వంటింట్లోంచి తాళింపు వాసన వచ్చిన మొదటి ఆదివారం అది. అందుకని నేను రెండోసారి పెట్టించుకున్నాను. ఆ రెండో వడ్డనలో, పుట్నాల పొడి అంటుకుని, ఒక పొడవాటి వెంట్రుక వచ్చింది.

నా భార్య వరలక్ష్మి ఉన్నప్పుడు ఇలాంటిది జరిగితే, "తీసి పక్కన పెట్టు బావా, దానికి వేరే బిల్లు వెయ్యనులే," అనేది. ఆమె నాకు మేనత్త కూతురు. పెళ్ళయ్యాక కూడా చివరిదాకా బావా అనే పిలిచింది. ఆ వెంట్రుకను వేలికి చుట్టుకుని చూస్తుంటే, ఆమె లోపల గిన్నెలు సర్దుతూ ఉందనిపించింది. అలా అనిపించినంత సేపూ చాలా హాయిగా ఉంది. తర్వాత తల ఎత్తాను. ఎదురుగా గోడకు ఆమె ఫొటో ఉంది.

పక్కన కూర్చున్న మా అత్త సరస్వతమ్మ చేయి చాచి, నా వేలి మీది వెంట్రుకను మెల్లగా లాక్కుంది. కొంగు చివర ముడి విప్పి అందులో పెట్టుకుంది. ఆ ముడిలో అప్పటికే ఉసిరికాయంత వెంట్రుకల ఉండ ఉంది.

"ఏందత్తా అది?"

"ఏం లేదబ్బా. తిను నువ్వు."

అమృత స్నానానికి వెళ్ళి తలుపు వేసుకున్నాక ఆమె గొంతు తగ్గించి చెప్పింది.

"పాప జుట్టు. దిండు మీద, బాత్రూము జాలీ మీద, చీపురు పుల్లల్లో, యాడ చూసినా అదే. దానికంటే ముందు లేచి ఏరేస్తాండా. అది చూసుకుంటే భయపడతాదని. నీకు కూడా తెలీకుండానే ఉండల్ల అనుకున్యా."

"జుట్టు అందరికీ రాలుతుంది కదత్తా."

"అందరికీ రాలేది నాకు తెలీదా? దాని అమ్మకు ఇట్లనే కదప్పా మొదలయ్యింది. ముందు దిండు మీద. ఆ తర్వాత గుప్పిట్లో. ఆ తర్వాత..." ఆమె మిగిలిన బజ్జీని నా పళ్ళెంలోకి తోసింది. "ఈ బిడ్డను కూడా తీసకపోతాడా ఆ స్వామి?"

 చెప్పగలిగిన జవాబు నా దగ్గర ఉంది. దాన్ని చెప్పనని వరలక్ష్మికి మాట ఇచ్చి ఉన్నాను.

వరలక్ష్మికి వచ్చింది క్యాన్సరు. ఆమె జుట్టు రాలింది ఆ జబ్బు వల్ల కాదు, జబ్బుకు బెంగళూరులో ఎక్కించిన మందు వల్ల. ఈ రెండు సంగతులూ అమృతకు తెలుసు, మా అత్తకు తెలియవు. మా వైపు ఇళ్ళలో ఆ జబ్బు పేరును పెద్దవాళ్ళ ముందు ఎత్తరు. మా అత్త విషయంలో అంతకంటే పెద్ద కారణం ఉంది. మా మామ హనుమప్ప గొంతులో గడ్డతో పోయాడు. ఆ పేరు డాక్టరు నోట విన్న రోజు ఆమె ఆస్పత్రి వరండాలోనే పడిపోయిందట. తర్వాత చాలాకాలం చంటిబిడ్డ వరలక్ష్మిని ఎత్తుకోవడానికి కూడా ఆమెకు చేతులు రాలేదని మా నాయన చెప్పేవాడు.

అందుకే, రిపోర్టు చేతికొచ్చిన రోజు, బెంగళూరు నుంచి తిరిగొస్తూ రైల్లో వరలక్ష్మి కిటికీలోంచి చూస్తూ అంది. "బావా, మా అమ్మకు మాత్రం ఆ పేరు చెప్పొద్దు. నేను పోయినా చెప్పొద్దు." సరేనన్నాను. ఆమె చెయ్యి చల్లగా ఉంది. పక్క సీటు ముసలాయన మమ్మల్ని చూసి, ఏమీ అడగకుండా, మా కోసం కిటికీ రెక్క దించాడు.

అత్తకు మేము చెప్పింది ఒకటే: రక్తం తక్కువైంది, బలానికి బాటిళ్ళు ఎక్కిస్తున్నారు. ఆమె అమరాపురం దగ్గరి తన పల్లె వదిలి, కూతురికి వండిపెట్టడానికి పెనుకొండ వచ్చింది. కూతురు పోయాక కూడా వెనక్కి పోలేదు. అమృతను చూసుకుంటానని ఉండిపోయింది. ఆమె లెక్కలో రక్తం తక్కువైతే జుట్టు రాలుతుంది, జుట్టు రాలితే మనిషి పోతుంది. తన కళ్ళతో చూసింది కాబట్టి ఆ లెక్కను ఎవరూ మార్చలేరు. ఇప్పుడు ఆమె రాత్రిపూట అన్నం మానేసింది. కదిరి నరసింహస్వామికి ఒక్కపొద్దు అంది.

*

అమృత ధర్మవరంలో ఒక పట్టుచీరల అంగట్లో పని చేస్తుంది. పొద్దున స్కూటీ మీద పెనుకొండ స్టేషనుకు పోయి రైలెక్కుతుంది, సాయంత్రం రైల్లో వస్తుంది. మధ్యాహ్నం పూట ఫోనుకెదురుగా కూర్చుని, చీరలు భుజాన వేసుకుని లైవులో చూపిస్తుంది. ఎక్కడెక్కడి వాళ్ళో చూసి ఆర్డర్లు పెడతారు.

"ఈ మధ్య చీర రంగు అడిగేవాళ్ళు తగ్గినారు నాయనా," అంది ఒక సాయంత్రం చెప్పులు విప్పుతూ. "ఏం షాంపూ వాడతావని అడిగేవాళ్ళు ఎక్కువైనారు. ఒకామె రాసింది, అక్కా పాపిట కాలవ మాదిరి అయిపోయింది, ఉల్లిపాయ రసం పెట్టు అని."

నవ్వుతూనే చెప్పింది. నవ్వుతూనే లోపలికి వెళ్ళి చాలాసేపు బయటికి రాలేదు. ఫోనులో లైవు తీసే హరీష్ అనే అతను మాత్రం, ఒక్క మాట అనకుండా, స్టాండును కాస్త కిందికి దించాడట. పాపిట కనబడదని. అతనెవరో నేను చూడలేదు గానీ, ఆ పూట దేవుడికి దీపం పెట్టేటప్పుడు అతని పేరు తలుచుకున్నాను.

ఇక ప్రతివాళ్ళ దగ్గరా ఒక మందు ఉంది. ఎదురింటావిడ బోరు నీళ్ళ ఉప్పే కారణమంది. నేను పని చేసే కాలేజీ లైబ్రరీకి వచ్చే లెక్చరర్లలో ఒకరు స్కూటీ హెల్మెట్ అన్నారు, ఇంకొకరు టీవీలో వచ్చే మాత్రలన్నారు. అత్త గుంటగలగర ఆకు దంచి నూనె కాచింది, మందారాకు రుబ్బింది, ఉల్లిపాయ రసం పిండి తలకు పట్టించింది. ఎంత కడిగినా ఆ వాసన పోలేదు. రైల్లో పక్కనామె, "బజ్జీలు తెచ్చుకున్యావా పాపా?" అని అడిగిందట.

"గుండు చేపిస్తే సరిపోతాది," అంది అత్త ఒకరోజు. "చిన్నపిల్లోళ్ళకు చేపిస్తే ఒత్తుగా మొలవదా? కదిరికి పోదాం పా."

"గుండుతో పట్టుచీర చూపిస్తే ఎవరన్నా కొంటారా అవ్వా?"

"కొనేవాళ్ళు చీర చూస్తారు. నీ తల యాల చూస్తారే?"

"అదే నేనూ అనుకుంటాంటి. చూస్తాండారే మరి."

అత్త నవ్వలేదు. అమృత తల మీద చెయ్యి పెట్టి, వేళ్ళు బయటికి తీసి, వేళ్ళకు అంటుకొచ్చిన వాటిని గుప్పిట్లో దాచుకుంది. ఇక నేను ఆగలేదు. ఆమెకే కాదు, నాకూ భయంగా ఉంది. ఎంత చదువుకున్నా, ఒకసారి ఆ జబ్బు వచ్చి వెళ్ళిన ఇంట్లో ప్రతి చిన్న గుర్తూ దాని అడుగు చప్పుడులాగే వినిపిస్తుంది.

*

హిందూపురంలో ఒక చర్మ వైద్యురాలి దగ్గరికి తీసుకుపోయాను. నలభై ఏళ్ళుంటాయి ఆమెకు. అమృత తలను వెలుతురు వైపు తిప్పి, నాలుగు చోట్ల చిన్న పాయ పట్టి మెల్లగా లాగి, ఊడొచ్చిన వాటి మొదళ్ళను భూతద్దంతో చూసింది. జుట్టు పట్టుకునే ముందు ప్రతిసారీ, "పట్టుకోనా తల్లీ?" అని అడిగింది. 

"డిసెంబరు ఆ ప్రాంతంలో ఏమైనా అయ్యిందా? పెద్ద జ్వరం, ఆపరేషను, తిండి మానేసి సన్నబడటం లాంటివి?"

అమృత నా వైపు చూసింది. "అమ్మ పోయింది," అంది.

డాక్టరమ్మ పెన్ను కింద పెట్టింది. 

తర్వాత తీరిగ్గా చెప్పింది. తల మీది వెంట్రుకలు కొన్ని పెరుగుతుంటాయి, కొన్ని విశ్రాంతిలో ఉంటాయి. మనిషికి పెద్ద దెబ్బ తగిలితే, అది ఒంటికైనా మనసుకైనా, పెరగాల్సినవి కూడా ఒక్కసారిగా విశ్రాంతిలోకి పోతాయి. అవన్నీ రెండు మూడు నెలల తర్వాత కలిసి రాలతాయి. దెబ్బ తగిలిన రోజున తల ఏమీ చెప్పదు. అందుకే ఎందుకు రాలుతున్నాయో ఎవరికీ తోచదు.

"కుదుళ్ళు బాగానే ఉన్నాయి. కొత్తవి వస్తాయి. నెలలు పడుతుంది, ఓపిక పట్టాలి," అంది.

నేను జేబులోంచి ప్రశ్నలన్నీ తీసినట్టు ఒకటొకటిగా అడిగాను. బోరు నీళ్ళ వల్లనా? నీళ్ళతో వెంట్రుక గరుకవుతుంది, తెగుతుంది, కుదురుతో ఊడిరాదు. హెల్మెట్? "హెల్మెట్ తీసేస్తే జుట్టు ఉంటుందో లేదో గానీ తల ఉండదండీ." నూనె? రాసుకుంటే వెంట్రుక మెత్తగా ఉంటుంది, అంతేగానీ దానివల్ల కొత్తవి మొలవవు. ఉల్లిపాయ? "చట్నీకి మంచిది. తలకు పట్టించి చర్మం మంటెక్కి నా దగ్గరికి వచ్చేవాళ్ళు వారానికి ఒకరైనా ఉంటారు." గుండు? మొలిచేటప్పుడు కొనలు మొద్దుగా ఉంటాయి కాబట్టి ఒత్తుగా కనిపిస్తుంది, అంతే. మొక్కు ఉంటే చేయించండి, మందని మాత్రం చేయించకండి.

ఆఖరి ప్రశ్నను మాత్రం అమృతను బయట కూర్చోబెట్టి అడిగాను. వాళ్ళమ్మ జబ్బు చెప్పి, అది ఇలా మొదలవుతుందా అన్నాను. "కాదు. ఇది అది కాదు," అంది ఆమె. ఇంకో మాట కలపలేదు. నేను లేవబోతుంటే, "అమ్మకు వచ్చింది కాబట్టి అమ్మాయి వయసు పెరిగాక పరీక్షలు చేయించుకుంటూ ఉండాలి. దానికీ ఈ జుట్టుకూ సంబంధం లేదు," అంది.

సాయంత్రానికి రక్తపరీక్ష వచ్చింది. థైరాయిడ్ సరిగ్గా ఉంది. ఇనుము బాగా తగ్గింది. అమ్మ పోయినప్పటి నుంచి ఆ పిల్ల సరిగా తినలేదు, ఎవరం గమనించలేదు. మాత్రలు రాసిచ్చింది. తిరుగు రైల్లో అమృత నా భుజం మీద తల పెట్టుకుని నిద్రపోయింది. ముసలమ్మ ఒకామె, దాన్ని లేపకుండా ఉండటానికి, తన మూటను చంకలో పెట్టుకుని నిలబడే ప్రయాణం చేసింది. నా తెల్లచొక్కా మీద వెంట్రుకలు రాలాయి. దులపబుద్ధి కాలేదు.

గుమ్మంలోనే అత్త నిలబడి ఉంది. అమృత చెప్పులు విప్పకముందే, ఆమెను సంతోషపెట్టాలని, గట్టిగా చెప్పింది.

"ఏం లేదంటవ్వా. రక్తం తక్కువంట, అంతే."

అత్త చేతిలోని చెంబును మెట్టు మీద పెట్టింది. "అంతేనా," అంది. ఆ మాట అని అమృత బుగ్గ నిమిరింది. నాకు అప్పుడు తట్టింది. వరలక్ష్మి మంచం పట్టిన నెలలన్నీ మేము ఆమెకు చెప్పిన మాటే, అక్షరం మారకుండా, ఇప్పుడు ఆమె మనవరాలి నోట వచ్చింది.

*

మర్నాడు తెల్లవారేసరికి అత్త ఇంట్లో లేదు. ఎదురింటావిడతో కదిరి బస్సెక్కిందని తెలిసింది. నేను కాలేజీకి పోలేదు. సాయంత్రం దీపాల వేళకు వచ్చింది. తల మీద కొంగు ఉంది. వాకిట్లోకొచ్చి కొంగు దించింది. ముగ్గుబుట్ట లాంటి ఆ తెల్లటి జుట్టు లేదు. నున్నటి తల, దాని మీద గంధం.

"ఏం పని చేసినావత్తా ఇది?"

"నాది ముందే ఇచ్చేసినా. దీన్ని తీసుకో స్వామీ, పాప జోలికి పోవద్దు అని చెప్పొచ్చినా." అరుగు మీద కూర్చుని కాళ్ళు చాపుకుంది. "నన్ను తీసకపోయినా సరేనని చెప్పినా. దాని అమ్మప్పుడు ఈ మాట చెప్పడం తోచలేదబ్బా నాకు. బాటిళ్ళు ఎక్కిస్తాండారు కదా, బాగైపోతాది అనుకుంటి."

అమృత రైలు ఇంకా రాలేదు.  నేను ఆమె కాళ్ళ దగ్గర మెట్టు మీద కూర్చున్నాను. ఫొటో ఉన్న గోడ వైపు వీపు పెట్టి కూర్చున్నాను.

"అత్తా, వరలక్ష్మికి వచ్చింది రక్తం తక్కువ కాదు."

ఆమె నా వైపు చూసింది.

"మామకు వచ్చిందే వచ్చింది."

ఆమె చెయ్యి తన గొంతు మీదికి పోయింది. "ఈడనా?"

"కాదు. రొమ్ములో. ఆ తర్వాత ఎముకలకు పాకింది."

పడిపోతుందేమోనని ఆమె మోకాలు పట్టుకున్నాను. పడిపోలేదు. అలాగే కూర్చుంది. వీధిలో ఎవరో బండి స్టార్టు చేసుకుని వెళ్ళిపోయారు. ఆ చప్పుడు పూర్తిగా పోయాక అడిగింది.

"మరి జుట్టు?"

"జుట్టును రోగం తినలేదు. బెంగళూరులో ఎక్కించినారే, అవి బలం బాటిళ్ళు కావు. రోగాన్ని చంపే మందు. ఒంట్లో తొందరగా పెరిగేవాటినంతా అది చంపుతుంది. జుట్టు కూడా పెరిగేదే కదా, అందుకని అదీ పోయింది. పాపకు ఆ రోగం లేదు, ఆ మందు లేదు. అమ్మ పోయిన దిగులుకు రాలుతాండాది. సరిగా తినక ఇనుము తగ్గింది. మళ్ళీ వస్తుంది, డాక్టరమ్మ చూసి చెప్పింది."

"మందు జుట్టును చంపింది," అంది మెల్లగా. "రోగాన్ని చంపలేదా?"

"కొన్నాళ్ళు ఆపింది."

"వరలక్ష్మికి తెలుసునా?"

"తెలుసు."

"నాకు చెప్పొద్దనిందా?"

"నువ్వు తట్టుకోలేవని భయపడింది."

"తట్టుకోక యాడికి పోతానప్పా." ఆమె రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని వాటినే చూసుకుంది. "నేను దాన్ని తిట్టినానే. అన్నం తినకుండా పడుకుంటాండావు, తలకు నూనె పెట్టుకోవు, అందుకే జుట్టు పోతాండాదని తిట్టినా. కక్కుకుంటాంటే కూడా నోట్లో ముద్ద పెట్టినా. ఆఖరి దినం కూడా, తల ఒళ్ళో పెట్టుకుని, నాలుగు ముద్దలు తిను, రక్తం పడతాది అంటి. అదేమో, సరేలేమ్మా, రేపు తింటా అనె." ఒళ్ళో కొంగు సవరించుకుంది. "తెలిసింటే గమ్మున నిమురుతా కూచునేదాన్ని కదా."

 వరలక్ష్మి తల్లిని కాపాడాలనుకుంది. కాపాడింది కూడా. దానికి బదులుగా, కూతురికి వీడ్కోలు చెప్పే అవకాశం తల్లికి లేకుండా పోయింది. ఆ రెండూ నిజమే. ఏది పెద్దదో నాకు ఇప్పటికీ తెలియదు.

ఆమే మళ్ళీ అడిగింది. "అయితే పాప బతుకుతాది."

"బతుకుతుందత్తా."

"నిజంగానేనా? దాని అమ్మప్పుడు చెప్పినట్ల కాదు కదా?"

ఆ ప్రశ్న అడిగే హక్కు ఆమెకు ఉంది. డాక్టరమ్మ నంబరు మందుల చీటీ మీద ఉంది. ఫోను కలిపి ఆమె చేతికిచ్చాను. అంత పొద్దుపోయాక కూడా డాక్టరమ్మ ఎత్తింది. అత్త ఎవరో చెప్పుకోలేదు, నమస్కారం కూడా పెట్టలేదు. "నిన్న వచ్చిన పిల్ల అవ్వను. అది బతుకుతాది కదమ్మా?" అంది. అవతల ఏం చెప్పిందో నాకు వినబడలేదు. అత్త వింటూ, ఊ, ఊ అంటూ, మెల్లగా గోడకు ఆనుకుంది. "రాగులు పెట్టొచ్చునా? నువ్వులుండలు? సరే తల్లీ. నీ బిడ్డలు సల్లగుండల్ల," అని ఫోను నాకిచ్చింది.

అప్పుడు తన గుండు తడుముకుంది. "ఊరికే గొరిగించుకొస్తినే. ఈ వయసులో మొలుస్తాదా మళ్ళా?"

"మొలుస్తుంది. ఆ మందు ఎక్కించుకున్న తల కాదు కదా."

అన్నాక ఆ మాట ఎందుకన్నానా అనిపించింది. ఆమె మాత్రం తల ఊపింది.

అమృత వచ్చి, గుమ్మంలో బ్యాగు వదిలేసి, అవ్వ తలను రెండు చేతులతో పట్టుకుంది.  నవ్వబోయి, "నాకంటే ముందు నువ్వే లైవులో కూచునేటట్టుండావే," అంది. అంటూనే ఏడ్చింది. డిసెంబరు నుంచి అది ఏడవటం నేను అప్పుడే చూశాను. అత్త దాని తలను ఒళ్ళోకి తీసుకుంది. తినమని చెప్పలేదు. లేవమని చెప్పలేదు. నిమురుతూ కూర్చుంది. వేళ్ళ సందుల్లో వెంట్రుకలు వస్తూనే ఉన్నాయి. వాటిని దాచలేదు, అరుగు మీద అలాగే రాలనిచ్చింది.

"నీ రక్తం తక్కువ వేరేదంటలే," అంది అత్త. అమృత తల ఎత్తి నా వైపు చూసింది. నేను కళ్ళు దించుకున్నాను. అవ్వకు అంతా చెప్పేశానని దానికి అర్థమైంది.

ఆ రాత్రి అత్త మాతో కూర్చుని రాగి సంగటి తింది. ఒక్కపొద్దు సంగతి ఎవరూ ఎత్తలేదు. అమృతకు మాత్ర ఇచ్చి, నీళ్ళు తాగేదాకా పక్కనే నిలబడింది. మజ్జిగ మీద మూత పెట్టింది, స్టవ్ చూసింది. వరలక్ష్మి పోయినప్పటి నుంచి ఆమె తన గది తలుపు తీసే పడుకునేది, పక్కగదిలో అమృత ఊపిరి వినబడాలని. ఆ రాత్రి మనవరాలి గుమ్మం దగ్గర నిలబడి చూసి, దుప్పటి సరిచేసి, తన గదిలోకి పోయింది. నేను హాల్లో పడుకుని ఉన్నాను. నిద్రపోయాననుకుని ఉంటుంది. గడియ చప్పుడు కాకుండా కొంగు అడ్డం పెట్టి, మెల్లగా తలుపు మూసుకుంది.